బావగారి బండి

మోటారు కారుకీ నాకూ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. తెనాలిలో నాకొక పాత స్కూటరుంది. అది మొరాయిస్తే ఓ పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి, నాలుగు తన్నులు తన్నడం. అప్పటికీ పలక్కపోతే వీధి మొగలో ఉన్న మెకానిక్కు దగ్గరికి తోసుకుపోవడం. యంత్రాల విషయంలో నా పాండిత్యం అంతవరకే. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో కుర్రవాళ్ళకి సంధులూ సమాసాలూ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. అటువంటివాణ్ణి 2024 మే నెలలో, అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలో, ఓవర్లాండ్ పార్క్ అనే ఊళ్ళో, మా అక్కయ్య గారేజీలో, ఒక కారు బోనెట్టు కింద తల దూర్చి నిలబడ్డానంటే దానికి కారణం చెప్పుకోవాలి గదా!

నిజానికి నేను వెళ్ళింది ఆ కారుని బాగుచెయ్యడానికి కాదు. వదిలించడానికి.

మా మేనల్లుడు సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులకి అక్కయ్యని చూడడానికి వస్తున్నానని తెలియగానే ఫోను చేశాడు.

"మామయ్యా, అమ్మ నా మాట వినదు. నువ్వయినా చెప్పు. ఆ బండి పనికిరాదు, పాత సామాను వాళ్ళకి ఇచ్చేద్దాం. ఇల్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చెయ్యమను. అక్కడ ఒక్కతీ బండి లేకుండా ఎలా ఉంటుంది?"

వాడు చెప్పినదాంట్లో తప్పేమీ కనపడలేదు నాకు. ఆ ఊళ్ళో బండి లేని మనిషి, కాళ్ళు లేని మనిషి ఒకటే. కూరగాయల కొట్టు రెండు మైళ్ళు. అక్కయ్య సగం రోజు పనిచేసే గ్రంథాలయం ఐదు మైళ్ళు. బస్సు అనేది ఉన్నదని చెప్పుకోవడమే గాని, మనకి కావలసిన వేళకి కావలసిన చోటికి రాదు. కాబట్టి "సరేరా అబ్బాయ్, నేను నచ్చచెబుతాగా" అని మాటిచ్చి, రాయబారిగా విమానం ఎక్కాను.

ఆ బండి కథ కొంచెం చెప్పాలి. 2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు గాలను నాలుగు డాలర్లు దాటింది. మా బావగారు లెక్కల మనిషి. ఆ సంవత్సరమే ఆయన ఫోర్డ్ కంపెనీవారి ఎస్కేప్ హైబ్రిడ్ అనే బండి కొత్తది కొన్నారు. పెట్రోలూ కరెంటూ రెండూ కలిసి నడిపే కార్లు అప్పటికి లోకానికి కొత్తగాదు. జపానులో టయోటా వారి ప్రియస్ 1997 లోనే వచ్చింది. కాని కాస్త ఎత్తుగా, సామానుకి చోటుండే ఎస్‌యూవీ తరహాలో అలాంటి బండి అమెరికాలో తయారై అమ్మకానికి రావడం 2004లో ఈ ఎస్కేప్‌తోనే మొదలు. అది తయారైన ఫ్యాక్టరీ క్లేకోమో అనే చోట, కాన్సాస్ సిటీ పక్కనే ఉంది. అక్కయ్య ఇంటికి ఇంచుమించు అరగంట ప్రయాణం. "మన బండి ఈ ఊరి ఆడపడుచే" అనేవారుట బావగారు.

అది కొన్న కొత్తలో అక్కయ్య ఫోనులో చెప్పిన మాట నాకిప్పటికీ జ్ఞాపకం. "మీ బావ వింత బండి కొన్నార్రా. సిగ్నలు దగ్గర ఆగితే చచ్చిపోతుంది. పచ్చ దీపం రాగానే మళ్ళీ బతుకుతుంది!"

పధ్నాలుగేళ్ళు బావగారు ఆ బండి నడిపారు. పధ్నాలుగేళ్ళు అక్కయ్య ఆయన పక్కన కూర్చుంది. ఆమెకీ లైసెన్సు ఉంది గాని, ఇద్దరూ కలిసి వెళుతున్నప్పుడు చక్రం ఎప్పుడూ ఆయన చేతిలోనే. 2022 చివర బావగారు పోయారు. తర్వాత ఒక ఏడాది అక్కయ్యే గ్రంథాలయానికీ ఇంటికీ దాన్ని నడుపుకుంది. 2023 నవంబరులో కోడలి పురిటికని సియాటిల్ వెళ్ళి, మార్చిలో తిరిగివచ్చేసరికి బండి గారేజీలో కట్టెలాగ బిగిసిపోయి ఉంది. తాళం తిప్పితే దీపాలు కూడా వెలగలేదు. బాగుచేసే దుకాణానికి మోయించుకుపోతే వాళ్ళు చూసి, "హైబ్రిడ్ బ్యాటరీ పోయింది. కొత్తది వెయ్యాలంటే ఆరువేల డాలర్లు దాటుతుంది. బండి మొత్తం అమ్మినా అంత రాదు" అన్నారు. మళ్ళీ మోయించుకు వచ్చి గారేజీలో పెట్టించింది. అప్పటినుంచీ తోటి ఉద్యోగిని ఎవరో దయతలిచి ఎక్కించుకుపోతేనే ఉద్యోగం.

నేను వెళ్ళిన మర్నాడు కాఫీ తాగుతూ రాయబారం మొదలుపెట్టాను. పాండవ పక్షం, కౌరవ పక్షం రెండూ నేనే మాట్లాడాను. అక్కయ్య అంతా విని, "ఆయన దాన్ని ఏనాడూ అలా వదిలెయ్యలేదురా. నాలుగు నెలలు వదిలేసింది నేను" అంది. అంతకంటె ఏమీ అనలేదు. నాకూ ఏమనడానికీ తోచలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనకి పగలైతే వాళ్ళకి రాత్రి గదా! రెండు గంటలకి లేచి, ఊరికే తిరుగుతూ గారేజీలోకి వెళ్ళాను. బండి తలుపు తీసి ముందు అర చూస్తే రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి కంపెనీవాళ్ళిచ్చిన లావుపాటి పుస్తకం. రెండోది మన ఊళ్ళో పద్దులు రాసుకునే పుస్తకంలాంటిది. తెరిస్తే బావగారి గుండ్రని తెలుగు అక్షరాలు. అంకెలు మాత్రం ఇంగ్లీషువి.

"2011 మార్చి. 34,200 మైళ్ళు. ఇంజనాయిలు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి." "2015 జూన్. 71,000. బ్రేకులు చూశాను. ఇంకా సగానికి పైగా ఉన్నవి. చిత్రం!" "2017 నవంబరు. చిన్న బ్యాటరీ కొత్తది వేశాను." ఇలా పేజీల కొద్దీ. ఆఖరి పేజీలో, 2022 అక్టోబరు తారీఖుతో, లక్షా పన్నెండు వేల మైళ్ళ దగ్గర ఒకే ఒక్క వాక్యం: "బ్యాటరీ గాలి ఫిల్టరు - చూడాలి." ఆ తరువాత పేజీలన్నీ తెల్లవి.

తెల్లవారేవరకూ ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. లక్షణ గ్రంథమూ, దానికి లక్ష్య గ్రంథమూ చదువుకున్నట్టే ఉంది. మూడు రాత్రులు పట్టింది గాని, చదివినకొద్దీ నా భయం తగ్గింది. చదువుకున్నది మీకూ రెండు ముక్కల్లో చెబుతాను. యంత్రాలంటే బెదిరే నాలాంటివారికి పనికొస్తుంది.

మా వ్యాకరణంలో సంస్కృత పదమూ తెలుగు పదమూ కలిస్తే మిశ్ర సమాసం అంటాం. హైబ్రిడ్ బండి అటువంటిదే. ముందు భాగంలో పెట్రోలు ఇంజను ఉంటుంది, దాని పక్కనే కరెంటు మోటారు. నెమ్మదిగా కదిలేటప్పుడు మోటారు లాగుతుంది. జోరెక్కితే ఇంజను అందుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండూ కలిసి భుజం వేస్తాయి. బ్రేకు తొక్కినప్పుడు మామూలు బండిలో ఆ వేగమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఇందులో అలా కాదు. చక్రాలే మోటారుని తిప్పి కరెంటు పుట్టించి, బ్యాటరీలో దాస్తాయి. బ్రేకులు అన్నేళ్ళు అరగలేదని బావగారు "చిత్రం!" అని రాసింది అందుకే.

ఆ దాచుకునే బ్యాటరీ వెనక సామాను పెట్టే చోట నేల కింద ఉంటుంది. టార్చిలైటులో వేసే లావుపాటి సెల్లుల వంటివి 250, గొలుసుగా కలిపితే 330 వోల్టులు. మనిషి ప్రాణం తియ్యడానికి చాలు. అందుకని దాని తాలూకు తీగెలన్నిటికీ నారింజ రంగు తొడుగు వేస్తారు. "నారింజ రంగు జోలికి పోకు" అన్నది మొదటి పాఠం. మన బోటివాళ్ళకి అది ఆఖరి పాఠం కూడాను. ఈ బ్యాటరీని బండిలోని కంప్యూటరు ఎప్పుడూ పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. మితాహారంవల్ల మనుషులకి ఆయుర్దాయం పెరుగుతుందంటారే, దీనికీ అంతే. ఇదే రకం బండ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ న్యూయార్కులోనూ టాక్సీలుగా లక్షల మైళ్ళు తిరిగాయి. తిరిగే బండి తిరుగుతూనే ఉంటుంది. దీనికి శత్రువులు రెండు. ఒకటి వేడి, రెండోది ఊరికే కూర్చోవడం.

ఇది కాక బోనెట్టు కింద మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటుంటుంది. కథంతా దీనిలోనే ఉంది. ఇంజనుని తిప్పి లేపే బలం పెద్ద బ్యాటరీదే అయినా, కంప్యూటర్లని మేలుకొలిపి పెద్ద బ్యాటరీకి తలుపు తీసేది ఈ చిన్నదే. వాకిట్లో నౌకరు నిద్రపోతే లోపల జమీందారుగారు ఎంత బలశాలి అయినా బయటికి రాలేడు. దీపాలు కూడా వెలగలేదంటే నిద్రపోయింది నౌకరన్నమాట! జమీందారుగారి సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

నాలుగో రోజు పొద్దున్న ఈ సంగతి అక్కయ్యకి చెప్పాను. "అయితే ముందు చిన్నది మార్చి చూద్దాం. అది పోయినా వందా రెండువందలే గదా" అంది.

స్పానరు నేను తీసుకోబోతే అక్కయ్య చెయ్యి చాపింది.

"ఇటియ్యి. నువ్వు చదివి చెప్పు. నేను చేస్తాను."

"ముందు మైనస్ గుర్తు ఉన్నది విప్పాలి. ఆ తరవాతే ప్లస్. బిగించేటప్పుడు తిరగేసి" అని నేను పాఠం చెబుతున్నాను. యాభై ఎనిమిదేళ్ళ అక్కయ్య చీర చెంగు బొడ్లో దోపుకుని, రబ్బరు చేతొడుగులు వేసుకుని విప్పుతున్నది. కొనల మీద తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పేరుకుపోయి ఉంది. "దీనికి వంటసోడా, నీళ్ళు" అని పుస్తకం చూడకుండానే చెప్పి, వంటింట్లోంచి డబ్బా తెచ్చి, పాత పళ్ళ బ్రష్షుతో తోమింది. బుసబుస నురుగొచ్చింది. బావగారు ఇలాగే చేసేవారుట. ఆవిడ నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడేదిట.

విడిభాగాలమ్మే దుకాణంలో పాత బ్యాటరీకి పరీక్ష చేసి, ప్రాణం లేదన్నారు. కొత్తది తెచ్చి బిగించాం. తాళం తిప్పితే అద్దం కింద దీపాలన్నీ దీపావళిలాగ వెలిగాయి. ఇంజను మాత్రం లేవలేదు. జమీందారుగారు కూడా సొమ్మసిల్లి ఉన్నారన్నమాట.

దీనికీ పుస్తకంలో ఉపాయం ఉంది. నడిపేవారి ఎడమకాలి దగ్గర చిన్న మూత వెనక ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కితే చిన్న బ్యాటరీలోంచి కొంచెం కొంచెంగా కరెంటు తోడి పెద్ద దాంట్లో పోస్తుంది. చెంబుతో గాబు నింపడం లాంటిది. ఇంజనుని ఒక్కసారి తిప్పేపాటి బలం వస్తే చాలు, ఆపైన ఇంజనే దానికి కావలసింది అది సంపాదించుకుంటుంది. ఎనిమిది నిముషాలు ఆగమన్నారు. ఊరికే మాటిమాటికీ నొక్కితే చిన్న బ్యాటరీ కూడా పడుకుంటుంది.

అక్కయ్య బొత్తాం నొక్కి, ఆ సీట్లోనే కూర్చుంది. నేను గడియారం పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. ఎనిమిది నిముషాలంటే ఎంతసేపో పరీక్ష హాల్లో కుర్రవాళ్ళకి తెలియాలి, ఆరోజు నాకు తెలియాలి. అక్కయ్య ఏమీ మాట్లాడలేదు. చక్రం మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గారేజీ గోడకేసి చూస్తున్నది. మొదటిసారి తాళం తిప్పింది. లేవలేదు. మళ్ళీ నొక్కి, మళ్ళీ ఎనిమిది నిముషాలు.

రెండోసారి తిప్పింది. అద్దం కింద ఆకుపచ్చగా చిన్న కారు గుర్తు వెలిగింది. చప్పుడు లేదు. "ఇహ లాభం లేదక్కయ్యా" అన్నాన్నేను. "నువ్వూరుకోరా" అన్నది ఆమె. అంతలోనే ఒక్కసారి కుదిపినట్టయి, పొట్టలో ఎవరో గొంతు సవరించుకున్నట్టయి, ఇంజను మొదలయింది. గారేజీ తలుపు తెరిచే ఉంది గనక పొగ భయం లేదు. అక్కయ్య పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. చెమట అని నేననుకున్నాను. మీరూ అలాగే అనుకోండి.

ఇక్కడితో అయిపోతే ఇది సినిమా కథ అయ్యేది. మరో వారానికి అద్దం కింద పసుపుపచ్చని రెంచి గుర్తు వెలిగింది. బండి నడుస్తూనే ఉంది. నాకేమీ తేడా తెలియలేదు. అక్కయ్య మాత్రం, "దీనికి ఏదో బాధగా ఉందిరా. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను ఆగడం లేదు. ఇదివరకు ఆగేది. వెనకనించి గాలి చప్పుడు కూడా ఎక్కువగా వస్తోంది" అంది. పధ్నాలుగేళ్ళు పక్క సీట్లో కూర్చున్న చెవులవి. నడిపేవాడి కళ్ళు దారిమీద ఉంటాయి. పక్కన కూర్చున్నవారికే బండి మాటలు వినబడతాయి కాబోలు.

ఈసారి పెద్ద దుకాణానికి వెళ్ళలేదు. గ్రంథాలయంలో ఎవరో చెబితే, హైబ్రిడ్ బండ్లే ఎక్కువగా చూసే ఒక చిన్న షెడ్డుకి వెళ్ళాం. అక్కడి మెకానిక్కు తన యంత్రం తగిలించి, అక్కయ్య చెప్పినదంతా విని, అంకెలు చూశాడు. ఆమెని ఒక్కటే ప్రశ్న అడిగాడు. "బ్యాటరీకి గాలి వెళ్ళే ఫిల్టరు ఎప్పుడు మార్చారు?"

అక్కయ్య నావైపు చూసింది. ఆ పద్దుపుస్తకం ఆఖరి పేజీ మా ఇద్దరికీ కళ్ళముందు కనబడ్డది.

వెనక ఎడమవైపు పక్క అద్దం దగ్గర చిన్న జల్లెడలాంటి కిటికీ ఉంటుంది. దానిగుండా వెళ్ళే గాలే పెద్ద బ్యాటరీని చల్లబరుస్తుంది. లోపల ఫిల్టరుంది. అతను పక్క పలక తీసి దాన్ని బయటికి లాగాడు. అది ఫిల్టరులా లేదు, గొంగళి ముక్కలా ఉంది. దుమ్మూ నూగూ దట్టంగా పట్టి, ఊదితే గాలి ఇవతలికి రాలేదు. పాపం, లోపల ఫ్యాను శాయశక్తులా తిరుగుతున్నా ఊపిరి ఆడడం లేదు. వేడెక్కిన బ్యాటరీని కంప్యూటరు కాస్త విశ్రాంతిగా ఉంచి, పని భారమంతా ఇంజను నెత్తిన వేసింది. అందుకే సిగ్నలు దగ్గర ఇంజను ఆగనిది.

కొత్త ఫిల్టరు వేసి, బ్యాటరీని పరీక్ష చేసి, సెల్లులు వయసుకి తగ్గట్టు ఉన్నాయన్నాడు. "నేను హామీ ఇవ్వను. ఏడాది రావచ్చు, ఐదేళ్ళు రావచ్చు. నెలల తరబడి ఊరికే పెట్టవద్దు. వారానికి ఒకటి రెండుసార్లయినా ఓ అరగంట తిప్పండి" అని చెప్పాడు. ఇంకా రెండు సంగతులు చూపించాడు. ఈ బండిలో ఇంజనుని చల్లబరిచే నీళ్ళు వేరు, కరెంటు సరంజామాని చల్లబరిచేవి వేరు. చాలామంది మొదటిదే చూసి రెండోదాన్ని మరిచిపోతారు. ఇక బ్రేకులు. అరగకపోవడం మంచిదే గాని, పని తక్కువైన బ్రేకుకి తుప్పు పడుతుంది. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కాబట్టి ఏడాదికోసారి విప్పి, శుభ్రం చేసి, కదిలే చోట్ల గ్రీజు పెట్టాలి. వాడకపోవడంవల్ల పాడయ్యేవి లోకంలో చాలా ఉన్నాయనుకున్నాను.

మొత్తం బిల్లు, చిన్న బ్యాటరీతో సహా, నాలుగువందల డాలర్లు దాటలేదు. మొదటి దుకాణంవాళ్ళు అబద్ధం చెప్పారని నేననను. పదహారేళ్ళ బండి, ప్రాణం లేని స్థితిలో వచ్చింది. చూడగానే పెద్ద జబ్బే అయి ఉంటుందనుకున్నారు. పెద్దవాళ్ళకి ఏ నలత వచ్చినా "వయసండీ" అనెయ్యడం మనకీ అలవాటే గదా.

ఆ రాత్రి మేనల్లుడి ఫోను.

"మామయ్యా, నిన్ను పంపినదెందుకు? నువ్వు చేసినదేమిటి?"

"తప్పేరా అబ్బాయ్. అవతలి పక్షంలో చేరిపోయాను."

వాడు నవ్వలేదు. "రేపు చలికాలంలో, రాత్రిపూట, హైవే మీద ఆగిపోతే? నేను రెండువేల మైళ్ళ దూరంలో ఉన్నాను. నాకు బండి మీద కోపం కాదు మామయ్యా" అన్నాడు. వాడి గొంతు విన్నాక నాకూ నవ్వు రాలేదు. వాడికి నాన్న పోయి రెండేళ్ళు కాలేదు. ఉన్నది ఒక్క తల్లి. బండిని బాగుచేసిన సంబరంలో ఆ సంగతి నేను మరిచిపోయాను.

అక్కయ్య ఫోను తీసుకుంది. "ఒరే, నువ్వు చెప్పింది నిజమే. రాత్రిపూట హైవే ఎక్కను. మంచు పడే రోజున బయటికి తియ్యను. దారిలో ఆగిపోతే వచ్చి సాయం చేసే వాళ్ళకి చందా కడతాను. పెద్ద బ్యాటరీ పోయిన రోజున దీన్ని వదిలేసి చిన్న బండి కొనుక్కుంటాను. ఆయన బండి అని ఏడుస్తూ కూర్చోను. కాని పోకముందే పోయిందనను. నన్ను కూడా అలా అనకు" అంది.

అటునించి చాలాసేపు మాట లేదు. వారం తిరక్కుండా పోస్టులో ఒక చిన్న పెట్టె వచ్చింది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన సాధనం. 1996 నుంచీ అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ చక్రం కింద ఒక సాకెట్టు పెడుతున్నారు. ఇది దానికి తగిలిస్తే బండి తన బాధలు ఫోనుకి చెప్పుకుంటుందిట. కొడుకు పంపాడు. చీటీ ఏమీ లేదు. అక్కయ్య దాన్ని తగిలించి, ఆదివారం ఆదివారం కనబడ్డ అంకెలు కొడుక్కి పంపుతున్నది. ఇదివరకు ఇద్దరికీ ఫోనులో "తిన్నావా, పడుకున్నావా" తప్ప మాటలుండేవి కావు. ఇప్పుడు అరగంట మాట్లాడుకుంటున్నారు.

జూన్ నెలాఖరున నా తిరుగు ప్రయాణం. అక్కయ్యే విమానాశ్రయానికి దిగబెడతానంది. పొద్దుటి పూట, ఎండ బాగా ఉంది, కాబట్టి షరతులేవీ తప్పలేదు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఊరు దాటేలోపల ఒక సిగ్నలు దగ్గర ఎర్ర దీపం పడి ఆగాం. ఇంజను ఆగిపోయింది. లోపల ఏ చప్పుడూ లేదు. అక్కయ్య తల కొంచెం పక్కకి వంచి విన్నది. పచ్చ దీపం వచ్చింది. బండి చడీచప్పుడూ లేకుండా కదిలి, నాలుగు బారలు పోయాక ఇంజను అందుకుంది.

"విన్నావా?" అంది.

నాకేమీ వినబడలేదు. "ఏమిటి?" అన్నాను.

"ఏమీ లేదు. అదే వినాలి."

దిగేటప్పుడు ముందు అరలో పద్దుపుస్తకం కనబడి ఒకసారి తెరిచాను. బావగారి ఆఖరి వాక్యం కింద అక్కయ్య అక్షరాలు. ఆయనవి గుండ్రన, ఈమెవి కాస్త కోల. "2024 జూన్. 1,18,300 మైళ్ళు. బ్యాటరీ గాలి ఫిల్టరు - చూశాను. కొత్తది వేయించాను. చిన్న బ్యాటరీ కొత్తది, నేనే బిగించాను." ఆ "నేనే" కింద గీత ఉంది. వ్యాకరణరీత్యా ఆ గీత అవసరం లేదు. కాని ఇరవై ఏళ్ళుగా కుర్రవాళ్ళ కాయితాలు దిద్దిన నేను దాని జోలికి పోలేదు.

దాని కిందనే, అదే రోజు తారీఖుతో, ఇంకో వాక్యం కూడా రాసుకుంది:

"అక్టోబరులో, చలి రాకముందే, బ్రేకులు - చూడాలి."